వేరు బుడిపెల శాస్త్రవేత్త మార్టినస్ బైజరింక్

నందికొట్కూరు పరిసర గ్రామాలలో పుట్టి పెరిగిన విద్యార్థికి వేరుశనగ పైరును పరిచయం చేయవలసిన పని లేదు. మన పక్క బుడ్డలని, ఉర్దూ మాట్లాడే ఇండ్లలో మూంగ్‌ఫలీ అని పిలిచే ఈ మొక్కను పీకినపుడు అందరి దృష్టీ కాయల మీదనే నిలుస్తుంది. ఒక్క క్షణం ఆగి, మట్టి దులిపి, తల్లివేరు నుండి పిల్లవేళ్లు చీలే చోట్లను పరిశీలిస్తే అక్కడ ఆవగింజంతేసి గుండ్రని బుడిపెలు కనిపిస్తాయి. పైరు పచ్చగా ఎదుగుతున్న దశలో ఆ బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల లేత ఎరుపు రంగు బయటపడుతుంది. మన రక్తానికి ఎరుపునిచ్చే హీమోగ్లోబిన్ వంటి పదార్థమే అక్కడ ఉన్నదని 1939లో జపాను శాస్త్రవేత్త కుబో గుర్తించాడు. ఆ ఎరుపు ఉన్నంత కాలం ఆ బుడిపె గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చే రూపంలోకి మారుస్తూ ఉంటుంది.

ఆ బుడిపెలో నివసించే సూక్ష్మజీవిని మొట్టమొదట మొక్క నుండి విడదీసి గాజు పాత్రలో పెంచినవాడు హాలెండు దేశస్థుడైన మార్టినస్ విల్లెమ్ బైజరింక్. డచ్చివారి నోట ఆయన పేరు బైయరింక్ అని పలుకుతుంది. మన పుస్తకాలలో కనిపించే రూపాన్నే నేనిక్కడ వాడుతున్నాను. వైరస్‌ల పాఠం చదివేటపుడు ఆయన పేరు ఒక వాక్యంలో వచ్చి పోతుంది. పరీక్షకు ఆ ఒక్క వాక్యం చాలు. కాని పైరుకూ బాక్టీరియాకూ నడుమనున్న పొత్తును అర్థం చేసుకోదలచిన వానికి అది చాలదు.

బైజరింక్ 1851 మార్చి 16న ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో జన్మించాడు. నలుగురు సంతానంలో ఆయనే కడగొట్టువాడు. తండ్రి డెర్క్ బైజరింక్ పొగాకు వర్తకుడు. ఆ వర్తకం దెబ్బతిన్నది. కుటుంబం ఆమ్‌స్టర్‌డామ్ విడిచిపోయింది, తండ్రి రైల్వే కంపెనీలో గుమాస్తాగా చేరవలసి వచ్చింది. కుమారుని బడికి పంపే స్తోమత లేక పండ్రెండవ యేడు వచ్చే దాకా ఆయనే ఇంటిలో చదువు చెప్పాడు. తరువాత హార్లెమ్ పట్టణంలోని పాఠశాలలో చేరిన బాలునికి వృక్షశాస్త్రం మీద మక్కువ కలిగింది. మొక్కలను సేకరించి, ఎండబెట్టి, పేర్లు గుర్తించి అతికించే పోటీలో ఆ పిల్లవాడు బహుమతి గెలుచుకున్నాడు. మన కళాశాలలో హెర్బేరియం పుస్తకాన్ని పరీక్షకు ముందు రాత్రి హడావుడిగా పూర్తి చేసేవారు ఈ సంగతిని గమనించవలసి ఉన్నది.

పైచదువుకు పినతండ్రి ధనసహాయం చేశాడు. 1869లో బైజరింక్ డెల్ఫ్ట్ నగరంలోని పాలిటెక్నిక్‌లో చేరి 1872లో రసాయన ఇంజనీరుగా పట్టం పొందాడు. అక్కడ ఆయనకు సహాధ్యాయిగా, ఆప్తమిత్రుడుగా ఉన్నవాడు వాంట్ హాఫ్. రసాయనశాస్త్రంలో మొదటి నోబెల్ బహుమతిని 1901లో అందుకున్నది ఆ వాంట్ హాఫే. యిద్దరూ తామున్న గదిలోనే రసాయన ప్రయోగాలు చేస్తూ ఉండేవారు. రసాయనశాస్త్రం నేర్చినా బైజరింక్ మనస్సు మాత్రం మొక్కల మీద నుండి తొలగలేదు. లైడెన్ విశ్వవిద్యాలయంలో చేరి, జీవిక కోసం వ్యవసాయ పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేస్తూనే, 1877లో డాక్టరు పట్టాన్ని సాధించాడు.

ఆ పట్టం కొరకు ఆయన ఎన్నుకున్న విషయం మొక్కల మీద పురుగుల వలన ఏర్పడే బుడిపెలు. కానుగ ఆకుల మీద మొటిమల వంటివి లేవడం మనమందరమూ చూచినదే. అతి చిన్న నల్లి వంటి జీవి ఆ పనికి కారణం. అందులో ఒక ఆశ్చర్యమున్నది. ఆ బుడిపెను కట్టేది ఆ జీవి కాదు, చెట్టు తన కణాలతో తానే కడుతుంది. పరాయి ప్రాణి వచ్చి తాకగానే చెట్టు తనకు అలవాటు లేని ఒక కొత్త అవయవాన్ని ఎందుకు నిర్మిస్తుంది? ఇరువదియారేండ్ల బైజరింక్‌ను పట్టుకున్న ప్రశ్న ఇదే. వేరు బుడిపెల దగ్గరకు ఆయన వచ్చింది నత్రజని దారిన కాదు, ఈ ప్రశ్న దారిన. ఆయన చరిత్రను వ్రాసేవారు సాధారణంగా ఈ తొలి గ్రంథాన్ని ఒక పంక్తిలో ముగిస్తారు. నాకు మాత్రం ఆయన తరువాతి పనికంతటికీ బీజం ఇక్కడనే ఉన్నదని తోస్తుంది.

వాగనింగెన్‌లోని వ్యవసాయ పాఠశాలలో కొన్నేండ్లు బోధించిన పిమ్మట, 1885 ప్రాంతంలో ఆయన డెల్ఫ్ట్‌కు తిరిగి వచ్చాడు. ఈసారి విద్యార్థిగా కాదు, ఈస్టు, సారాయి తయారుచేసే ఒక పెద్ద కర్మాగారంలో బాక్టీరియా శాస్త్రజ్ఞుడుగా వచ్చాడు. ఆ కర్మాగారం అధిపతి వాన్ మార్కెన్ దూరదృష్టి కలవాడు. ఈస్టు పనితో పాటు తనకు తోచిన పరిశోధనలు కూడా చేసుకునే వెసులుబాటు ఆయనకు అక్కడ లభించింది. రెండు వందల యేండ్లకు పూర్వం లీవెన్‌హుక్ తన చేతితో అరగదీసిన కటకాలతో బాక్టీరియాను మొదటిసారి చూచింది ఈ డెల్ఫ్ట్ నగరంలోనే.

వేరు బుడిపెలు అప్పటికి కొత్త సంగతి కావు. ఇటలీ పండితుడు మాల్పీజీ 1679 నాటికే వాటి బొమ్మలు గీసి, అవి కూడా పురుగుల బుడిపెలేనని భావించాడు. ఆ తరువాత చాలాకాలం వాటిని జబ్బు గుర్తులుగానే ఎంచారు. 1866లో రష్యా శాస్త్రవేత్త వోరోనిన్ లూపిన్ మొక్క బుడిపెలలో బాక్టీరియా వంటి రూపాలను చూచాడు. ఇంకొక వైపున, పప్పుజాతి పైరు వేసిన నేల సారం పెరుగుతుందని రైతులకు వేలయేండ్లుగా తెలుసు. మనవారు జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లి మడిలో కలియదున్నడం ఈ అనుభవం ఫలితమే. ఫ్రాన్సులో బుస్సాంగో 1838లోనే క్లోవరు మొక్కలకు నత్రజని అదనంగా వచ్చి చేరుతున్నదని తూచి చూపించాడు. ఎక్కడి నుండి వస్తున్నదో మాత్రం తేలలేదు. 1886లో జర్మను శాస్త్రవేత్త హెల్‌రీగెల్ ఆ చిక్కు విప్పాడు. సూక్ష్మజీవులు లేకుండా కాల్చిన ఇసుకలో బఠాణీ మొక్కలు నత్రజని లేక కృశించాయి. అదే ఇసుకలో పొలపు మట్టి కలిపిన నీటిని కొద్దిగా పోసినంతనే బుడిపెలు కట్టి, మొక్కలు పచ్చబడ్డాయి. ఓటు మొక్కలకు అట్టి మేలు కలుగలేదు. ఆయన తన సహచరుడు విల్‌ఫార్త్‌తో కలిసి 1888లో ఈ ప్రయోగాల పూర్తి వివరాలను ప్రకటించాడు.

కాబట్టి ఆ మట్టినీటిలో ఏదో ఒక ప్రాణి ఉన్నది. దానిని పట్టి చూపించిన ఘనత బైజరింక్‌ది.

ఆయన పద్ధతి చాలా సరళంగా కనిపిస్తుంది. బుడిపెల పైన అంటిన మట్టిని, అక్కడి ఇతర సూక్ష్మజీవులను పోగొట్టి, లోపలి గుజ్జును తీసి పోషక యానకం మీద పరచాడు. ఆయన కౌశలమంతా ఆ యానకంలోనే ఉన్నది. అప్పటి బాక్టీరియా శాస్త్రం చాలా వరకు వైద్యుల చేతిలో ఉండేది. మనుష్యుల రోగక్రిములకు తగినట్లు మాంసరసంతో యానకాన్ని కాచేవారు. బైజరింక్ ఆ దారి తొక్కలేదు. ఈ ప్రాణి పప్పుజాతి మొక్కలో నివసిస్తున్నది గనుక దాని రుచి ఆ మొక్కకే తెలిసి ఉండాలని ఊహించి, ఆ జాతి మొక్కల ఆకులను కాచిన కషాయంలో జెలటిన్, కొంచెం చక్కెర, కొంచెం ఆస్పరాజిన్ కలిపాడు. దాని మీద చిన్న కాలనీలు లేచాయి. సూక్ష్మదర్శిని కింద ఈదులాడే చిన్న కడ్డీల వంటి ప్రాణులు కనిపించాయి. వాటికి ఆయన బాసిల్లస్ రాడిసికోలా అని పేరు పెట్టాడు. వేరునందు నివసించునది అని దాని భావం. 1888లో ఈ సంగతి ఒక జర్మను వృక్షశాస్త్ర పత్రికలో అచ్చయింది.

పెంచినంత మాత్రాన ఆయన తృప్తి పడలేదు. ఆ ప్రాణి నిజంగా బుడిపెకు కారణమని నిరూపించాలంటే, శుద్ధంగా పెంచిన దానిని బుడిపెలు లేని మొక్కకు అందించి బుడిపెలు కట్టించి చూపాలి. బాకలా చిక్కుడు మొక్కల మీద ఆ ప్రయోగాన్ని సఫలం గావించి 1890లో ప్రకటించాడు. అదే కాలంలో పోలెండు శాస్త్రవేత్త ప్రాజ్మోవ్‌స్కీ బఠాణీ మీద ఇదే విధంగా చేసి, బాక్టీరియా మూలకేశాల ద్వారా లోనికి ప్రవేశిస్తుందని వివరించాడు. అంతకు కొంచెం ముందు, 1887లో, ఇంగ్లండులో మార్షల్ వార్డ్ మూలకేశం లోపల సన్నని దారం వంటి సంక్రమణ తంతువును చూచి ఉన్నాడు. 1889లో జర్మనీలో ఫ్రాంక్ ఈ ప్రాణికి రైజోబియం అని పేరు మార్చాడు. నేడు రైతులకు సుపరిచితమైన పేరు ఇదే.

ఇక్కడ బైజరింక్‌కు ఒక అపజయం కూడా ఉన్నది. దానిని దాచిపెట్టడం న్యాయం కాదు. తాను పెంచిన బాక్టీరియా గాజు పాత్రలో నత్రజనిని స్థాపిస్తుందని ఆయన చూపలేకపోయాడు. ఎంత యత్నించినా అది పెరిగింది, ఈదింది, గుణించింది గాని గాలిలోని నత్రజనిని మాత్రం పట్టలేదు. మొక్క నుండి విడదీసినంతనే ఆ శక్తి అణగిపోయింది. పప్పుజాతి మొక్క ఒంటరిగా ఆ పని చేయలేదు, బాక్టీరియా కూడా ఒంటరిగా చేయలేదు. ఆక్సిజన్‌ను బాగా తగ్గించిన పరిస్థితులు కల్పిస్తే కొన్ని రైజోబియం జాతులు మొక్క లేకుండా కూడా కొంత నత్రజనిని స్థాపించగలవని 1975లో గాని తేలలేదు. ఆ ఎర్రని పదార్థం బుడిపెలో చేసే పని కూడా అదే. ఆక్సిజన్‌ను అదుపులో ఉంచి, బాక్టీరియాకు కావలసినంత మాత్రమే అందిస్తుంది. శుద్ధ వర్ధనమే శాస్త్రమని నమ్మిన కాలంలో బైజరింక్ ఈ ఒంటరి బాక్టీరియా ముందు నిలిచిపోయాడు. తాను చూడనిదానిని చూచానని మాత్రం ఆయన వ్రాయలేదు.

ఆయన వదిలిపెట్టిన ప్రశ్నలలో మరొకటి ఉన్నది. నేలలో లక్షలాది బాక్టీరియా జాతుల నడుమ ఈ ఒక్క జాతి తన మొక్క వేరును ఎట్లు గుర్తిస్తుంది? వాననీటికి కొట్టుకొని పోకుండా దానికి ఎట్లు అంటుకుంటుంది? కథలో కొంత ముందుకు పోయి దీనిని ఇక్కడనే చెప్పడం మంచిది. దీని జవాబులో ఎక్కువ భాగం బైజరింక్ డాక్టరు పట్టం పొందిన లైడెన్ విశ్వవిద్యాలయంలోనే, ఆయన పోయిన అర్ధశతాబ్దానికి, 1980లలో దొరికింది.

ప్రయోగశాలలో ఈ పరిశీలన జరిపే తీరు మన విద్యార్థులకు అర్థం కానంత కఠినమైనది కాదు. గింజల పైపొరను శుద్ధి చేసి, సూక్ష్మజీవులు లేని తేమలో మొలకెత్తిస్తారు. లేత వేళ్లను బాక్టీరియా కలిపిన ద్రవంలో నిర్ణీత కాలం ముంచి ఉంచుతారు. పిదప ఆ వేళ్లను పలుమార్లు మెల్లగా కడుగుతారు. కడుగగా పోయినవి కేవలం తగిలినవి, కడిగినా పోనివి అంటుకున్నవి. మిగిలినవాటిని మూలకేశాల కొనల మీద సూక్ష్మదర్శినితో లెక్కిస్తారు. లేదా వేరును నూరి, ఆ రసాన్ని పలుచన చేసి, పళ్లెంలో పోసి లేచిన కాలనీలను లెక్కిస్తారు. ఒక అంశాన్ని మాత్రం మార్చి, తక్కినవన్నీ అట్లే ఉంచి మరల లెక్కిస్తే ఆ అంశం ప్రభావం తెలుస్తుంది.

స్మిట్, కైనే, లుగ్టెన్‌బర్గ్ మొదలైన లైడెన్ శాస్త్రవేత్తలు బఠాణీ వేళ్లతో ఈ విధంగా ప్రయోగించి, అంటుకోవడం రెండు మెట్లుగా జరుగుతుందని కనుగొన్నారు. మొదటి మెట్టులో బాక్టీరియా ఉపరితలం మీది ఒక ప్రోటీను మూలకేశం కొనను పట్టుకుంటుంది. ఈ ప్రోటీనుకు రికాడ్‌హీసిన్ అని పేరు. కాల్షియం లేకపోతే అది బాక్టీరియా ఒంటి మీద నిలువదు, పట్టు సడలిపోతుంది. రెండవ మెట్టులో బాక్టీరియా సెల్యులోజ్ పోగులను అల్లుకుని, ఒకదానినొకటి పెనవేసుకుని కొన మీద గుంపుగా కూడుకుంటుంది. ఆ పోగులు నేయలేని బాక్టీరియా గుంపు కట్టలేకపోయినా బుడిపెను మాత్రం కట్టగలిగింది. మొదటి మెట్టు ఎంత ముఖ్యమో దీనివలన తెలుస్తుంది. మన రైతులు వేరుశనగకు జిప్సం వేసేది కాయ గట్టిపడడానికి. ఆ కాల్షియం సంగతి వేరు, దీనిని దానితో కలుపరాదు.

గుర్తింపు విషయంలో మొక్క చేతిలో కూడా ఒక తాళం ఉన్నది. అది లెక్టిన్ అనే ప్రోటీను. 1974లో బోలూల్, ష్మిట్ అనే ఇద్దరు సోయాచిక్కుడు లెక్టిన్‌కు మెరిసే రంగును తగిలించి చూడగా, అది సోయాచిక్కుడుకు బుడిపెలు కట్టే బాక్టీరియాలో చాలావాటికి అంటుకుంది, తక్కిన జాతులకు అంటుకోలేదు. 1989లో లైడెన్‌వారే బఠాణీ లెక్టిన్ జన్యువును తెల్ల క్లోవరు వేరులో ప్రవేశపెట్టగా, బఠాణీకి చెందిన బాక్టీరియా ఆ పరాయి వేరులో కూడా బుడిపెలు కట్టింది. మరుసటి సంవత్సరం ఫ్రాన్సు శాస్త్రవేత్తలు, బాక్టీరియా మొక్కకు పంపే రసాయన సందేశాన్ని శుద్ధి చేసి దాని నిర్మాణాన్ని తేల్చారు. మూలకేశం గొర్రెల కాపరి చేతికర్ర కొనవలె వంకర తిరిగి బాక్టీరియాను చుట్టుకునేది, వేరులో కణాలు విభజన చెంది బుడిపెగా లేచేది ఆ సందేశం వలననే. పరాయి ప్రాణి తాకితే మొక్క కొత్త అవయవాన్ని ఎందుకు కడుతుందని 1877లో బైజరింక్ వేసుకున్న ప్రశ్నకు, వేరు బుడిపెల మట్టుకు, సమాధానం ఈ విధంగా నూటపదమూడు సంవత్సరాలకు లభించింది.

వేరుశనగ మాత్రం ఈ నియమానికి లొంగదు. దానికి ఇతర మొక్కలవలె వేరు పొడుగునా మూలకేశాలు ఉండవు. పిల్లవేరు చీల్చుకుని వచ్చే చోట ఏర్పడే సందులలోనికి బాక్టీరియా దూరి, కణాల నడుమగా లోనికి పోతుంది. సంక్రమణ తంతువు ఉండదు. బుడిపెలన్నీ పిల్లవేళ్ల మొదళ్లలోనే ఎందుకుంటాయో ఇప్పుడు తెలిసింది గదా! బఠాణీ మీద తేలిన ప్రతి సంగతినీ మన బుడ్డలకు అంటగట్టరాదు.

హైదరాబాదు సమీపాన పటాన్‌చెరులో 1972లో స్థాపించబడిన ఇక్రిశాట్ అంతర్జాతీయ పరిశోధన సంస్థలో ఈ వేరుశనగ బాక్టీరియాను ప్రత్యేకంగా అధ్యయనం చేశారు. ఎన్‌సి 92 అనే బాక్టీరియా రకాన్ని మన రాయలసీమ రైతులకు కదిరి-3 అనే పేరుతో తెలిసిన వేరుశనగకు అందించినపుడు దిగుబడి పెరగడం వారు గమనించారు. అయితే అన్ని రకాల పైర్లలోనూ, అన్ని నేలలలోనూ ఆ ఫలితం రాలేదు. కారణం ఊహింపదగినదే. మన నేలలలో వేరుశనగకు బుడిపెలు కట్టగల బాక్టీరియా ముందే ఉన్నది. వానిలో కొన్ని బుడిపె కట్టి కూర్చుంటాయి గాని నత్రజనిని తగినంత ఇవ్వవు. మనం గింజకు పట్టించిన మేలురకం వేరును చేరేలోగా ఈ స్థానికులు చోటు ఆక్రమిస్తారు. రైజోబియం పొట్లం తెచ్చి, బెల్లపు నీటిని కాచి చల్లార్చి, అందులో పొడి కలిపి గింజలకు పట్టించి, నీడన ఆరబెట్టి విత్తినా ఒక్కొక్కమారు పైరులో భేదం కనిపించకపోవడానికి ఇది ఒక కారణం. ఎండలో ఆరబెట్టడం, తెగుళ్ల మందు పట్టించిన గింజకే దీనిని కూడా కలపడం మరి రెండు కారణాలు. పొట్లంలోని ప్రాణి బ్రతికి ఉన్నదనే సంగతిని మరచిపోతే ఖర్చు దండుగ. రెండెకరాల మెట్ట మీద బ్రతికే కుటుంబానికి అది చిన్న ఖర్చు కాదు. ఎవరు ముందు వేరును చేరి అంటుకుంటారనే ప్రశ్న ప్రయోగశాలలో పుట్టినా, నష్టం మాత్రం చేలోనే తేలుతుంది.

మరల బైజరింక్ కథకు వద్దాం. 1889లో కాంతినిచ్చే సముద్ర బాక్టీరియాను గురించి, 1890లో క్లోరెల్లా అనే ఏకకణ శైవలాన్ని శుద్ధంగా పెంచడం గురించి ఆయన ప్రకటించాడు. 1895లో డెల్ఫ్ట్ పాలిటెక్నిక్ ఆయనను ఆచార్యుడుగా ఆహ్వానించింది. అక్కడ ఆయన అభివృద్ధి చేసిన పద్ధతి సూక్ష్మజీవశాస్త్రానికే దారి మళ్లించింది. ఒక పనిని చేయగల ప్రాణి కావాలంటే, ఆ పని చేస్తే తప్ప బ్రతుకలేని పరిస్థితిని పాత్రలో కల్పించి చిటికెడు మట్టి వేయాలి. తక్కినవి వెనుకబడిపోతాయి, కావలసినది ఒక్కటే పెచ్చు పెరుగుతుంది. నత్రజని ఏ రూపంలోనూ లేని ద్రవంలో మట్టి వేసి, గాలి నత్రజనితోనే బ్రతికే బాక్టీరియాను ఆయన 1901లో ఈ విధంగానే పట్టాడు. అదే అజటోబాక్టర్. ఏ మొక్కకూ అంటుకోకుండా నేలలో స్వేచ్ఛగా తిరుగుతూ నత్రజనిని స్థాపించే ప్రాణి. వేరు బుడిపెల బాక్టీరియా గాజు పాత్రలో ఇవ్వని జవాబును పదమూడేండ్ల తరువాత ఇది ఇచ్చింది. సల్ఫేట్ లవణాల నుండి దుర్గంధ వాయువును పుట్టించే బాక్టీరియాను గురించి 1895లోనే ఆయన ప్రకటించి ఉన్నాడు.

పొగాకు సంగతి అందరికీ తెలిసినది గనుక క్లుప్తంగా చెబుతాను. వాగనింగెన్‌లో ఆయన సహోద్యోగి మాయర్ పొగాకు ఆకులపై మచ్చలు పడే తెగులును అధ్యయనం చేసి, తెగులు ఆకు రసంతో అది సంక్రమిస్తుందని చూపాడు. బైజరింక్ ఆ రసంలో బాక్టీరియా కోసం వెదకి విఫలుడైనాడు. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ ఆ రసం బాక్టీరియాను ఆపే పింగాణీ జల్లెడ గుండా పోయిన పిదప కూడా తెగులు కలిగిస్తుందని చూపాడు. ఆ సంగతి తెలియకయే బైజరింక్ 1898లో అదే ఫలితాన్ని సాధించి, అంతకు మించి ఒక అడుగు ముందుకు వేశాడు. ఇది బాక్టీరియా కాదనీ, సజీవ కణాలలో మాత్రమే వృద్ధి పొందే వేరొక సంక్రామక పదార్థమనీ తేల్చి, దానికి వైరస్ అనే పేరు వాడాడు. ఇవనోవ్‌స్కీ తన పనిని గుర్తుచేసినపుడు ఆయనదే మొదటి స్థానమని ఒప్పుకున్నాడు. అది ద్రవరూపమని భావించడం మాత్రం పొరపాటు. 1935లో స్టాన్లీ దానిని స్ఫటికాలుగా వేరుచేసేనాటికి ఆ పొరపాటును దిద్దుకునేందుకు బైజరింక్ జీవించి లేడు. తండ్రి బ్రతుకు చెడినది పొగాకు వర్తకంలో, కుమారుని పేరు లోకానికి నిలిచినది పొగాకు ఆకు మీద!

వ్యక్తిగా బైజరింక్ సులభుడు కాడు. విజ్ఞానానికి అంకితమైనవాడు వివాహం చేసుకోరాదని ఆయన విశ్వాసం. తాను పాటించడమే గాక శిష్యులు పెండ్లి చేసుకున్నా సహించేవాడు కాడు. విద్యార్థులను కఠినంగా మందలించేవాడు. అకస్మాత్తుగా ఆగ్రహం, మరొకప్పుడు దీర్ఘమైన విచారం ఆయన స్వభావంలో ఉండేవి. అవివాహితలైన ఇద్దరు అక్కలు ఆయనతోనే జీవించారు. వారిలో హెన్రియెట్ తమ్ముని పాఠాల కొరకు గోడకు తగిలించే పెద్ద పటాలను స్వహస్తంతో చిత్రించింది. ఆయన బోధన మీద ఆధారపడి వచ్చిన పేరులో ఆమె కుంచెకు కూడా భాగమున్నది గాని చరిత్రకారులు ఆమెను తరచు తలచుకోరు. గురువు పరుషత్వాన్ని ప్రతిభకు గుర్తుగా చూపించే అలవాటు మనలో ఉన్నది. నేను దానితో ఏకీభవించలేను. శిష్యులు వాన్ ఐటర్సన్, సోంగెన్ వంటివారు ఆయన ప్రయోగశాల నుండి గొప్ప పనిని బయటికి తెచ్చారు. అది ఆయన కోపం వలన కాదు, ఆయన చేయి చూపిన పద్ధతి వలన. ఇంతకంటె మృదుస్వభావి అయి ఉంటే ఆ ప్రయోగశాలలో మరెందరు నిలిచి ఉండేవారో!

గౌరవాలకు లోటు రాలేదు. 1884లోనే నెదర్లాండ్స్ రాయల్ అకాడమీ సభ్యత్వం, 1905లో లీవెన్‌హుక్ పతకం, 1926లో లండన్ రాయల్ సొసైటీ విదేశ సభ్యత్వం ఆయనకు లభించాయి. నోబెల్ బహుమతి మాత్రం రాలేదు. మన దేశంలో రైజోబియం మీద తొలి పరిశోధనను 1920లో బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎన్.వి. జోషి ప్రకటించేనాటికి, డెల్ఫ్ట్ వృద్ధాచార్యుడు ఉద్యోగ విరమణకు ఒక సంవత్సరం దూరంలో ఉన్నాడు.

1921లో డెబ్బదియేండ్లు నిండగా నియమం ప్రకారం ఆయన పదవి విడువవలసి వచ్చింది. ఆయన స్థానంలోకి క్లూవర్ వచ్చాడు. బైజరింక్ అక్కలతో గోర్సెల్ అనే గ్రామానికి చేరుకున్నాడు. ప్రయోగశాల లేని ఆ ఇంటిలో తోటలోని మొక్కలే ఆయనకు తోడు. హార్లెమ్ పాఠశాల బాలుడు ఏ పనితో మొదలు పెట్టాడో, వృద్ధుడు ఆ పనికే తిరిగి వచ్చాడు. 1931 జనవరి 1న ఆయన ఆ గ్రామంలోనే కన్నుమూశాడు.

ఆయన తన బాక్టీరియాకు పెట్టిన బాసిల్లస్ రాడిసికోలా అనే పేరు నిలువలేదు. వేరుశనగ బుడిపెలలోని ప్రాణిని 1982 నుండి బ్రాడీరైజోబియం అనే మరొక ప్రజాతిలో చేర్చారు. అయితే 1950లో డెర్క్స్ అనే శాస్త్రవేత్త, ఉష్ణమండల నేలలలో స్వేచ్ఛగా నివసిస్తూ నత్రజనిని స్థాపించే ఒక బాక్టీరియా ప్రజాతికి బైజరింకియా అని నామకరణం చేశాడు.